దారం చెప్పని గంటలు

ఈ వారం మా అక్క ఫోన్ చేసింది. కొడుకు దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తోంది, ఢిల్లీలో ఎక్కాలి. "ఒరేయ్, తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి అదే రోజు పొద్దున ఆరున్నరకి దిగుతానని టికెట్లో ఉంది. మూడున్నర గంటలేనా? అసలు ఎంత దూరంరా?"

దూరం అడిగితే నాకు పండగే. ఈ శీర్షిక చదివేవాళ్లకి నా గ్లోబూ దారమూ కొత్త కాదు. "విజయవాడ నాలుగున్నర గంటల దూరం" అనేవాళ్లతో నా పేచీ కూడా పాతదే. కోసుల్లో, ఆమడల్లో కొలిచినవాళ్ల మనవలం, దూరాన్ని గడియారంతో చెప్పడమేమిటని ఎన్నిసార్లు రాశానో.

దారం పట్టడం ఏడో తరగతిలో సోషల్ మాస్టారు నేర్పారు. గోడ మీది పటంలో ఢిల్లీ నుంచి అమెరికా పడమటి తీరానికి గీత గీయమంటే అందరం ఐరోపా, అట్లాంటిక్ మీదుగా స్కేలు పెట్టాం. ఆయన ఏమీ అనలేదు. గ్లోబు తెచ్చి, దారం కొసలు రెండు ఊళ్ల మీదా నొక్కి బిగించమన్నారు. ఐరోపా మీద పెట్టిన దారం బిగించేకొద్దీ పైకి పాకి, ధ్రువం దాటి జారి, సైబీరియా పైన మంచు సముద్రం మీద ఆగింది. క్లాసంతా నిశ్శబ్దం. దాన్నే తీసి భూమధ్యరేఖ మీద పరిస్తే 111 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 12,321. ఇవాళ కంప్యూటర్ లెక్క 12,380. అరవై కిలోమీటర్లే తేడా!

అక్కకి అదే చెప్పాను. "కిలోమీటర్లు నేనేం చేసుకోను? ఈ మోకాళ్లతో ఎంతసేపు కూర్చోవాలో చెప్పు" అంది.

సరే, గంటలు కట్టాను. టికెట్లో ఎక్కే వేళ ఢిల్లీది, దిగే వేళ అక్కడిది. వేసవిలో రెంటికీ పన్నెండున్నర గంటల తేడా. మూడున్నరకి కలిపితే 16. ఇక్కడ గేటు దగ్గర కదిలిందగ్గర్నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. నా దారాన్ని గంటకి 900 చొప్పున భాగిస్తే పద్నాలుగు కూడా రాలేదు.

2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ సర్వీసునే అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. పాత దారి 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. పద్నాలుగు వందలు ఎక్కువ తిరిగి, పద్నాలుగున్నర గంటల్లో, అంటే మునుపటికన్నా దాదాపు రెండు గంటల ముందే చేరింది. పైన పడమటి నుంచి తూర్పుకి పరుగెత్తే జెట్ స్ట్రీమ్ వెనకనుంచి తోసింది. పాత దారిలో అదే ఎదురుగాలి.

గోదావరి పడవవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఒకే రేవుల మధ్య ఎదురుకి ఒక లెక్క, వాలుకి ఒక లెక్క. వాళ్లూ మన తాతలే.

అక్కకి చీటీ రాసిచ్చాను: "16 గంటలు. గంటకోసారి లేచి నడువు."