పాత స్టాడ్, కొత్త కోడ్

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తోపాటు చిన్న టెక్స్ట్ ఫైలొకటి వస్తుంది. అందులో చాలాసార్లు మొదట కనిపించే మాట: యాంటీవైరస్ ఆపెయ్, నెట్ తీసెయ్. ఊరూ పేరూ తెలియనివాడి ఆ మాట విని, కోట్ల రూపాయల భవనాల డ్రాయింగులున్న కంప్యూటర్‌ని వాడి చేతిలో పెడతాం. సైటులో మాత్రం సిమెంటు బస్తా మీద తేదీ చూస్తాం, టెస్టు క్యూబులు పగలగొడితేగాని కాంక్రీటుని నమ్మం. ఆఫీసుకొచ్చేసరికి ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో!

అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటూ చేతులు మారిన సీడీలతో పనిలోకి దిగిన తరం మాది. సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, అది పోయి లింకు వచ్చింది. అలవాటు మారలేదు.

ఆ నమ్మకం ఎక్కడికి దారితీస్తుందో, డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌తోనే చూడండి. డ్రాయింగు ఉన్న ఫోల్డర్లో ఎక్యాడ్ డాట్ ఎల్‌ఎస్‌పి అనే ఫైలుంటే పాత ఆటోక్యాడ్ అడక్కుండానే దాన్ని నడిపేది. ఫోల్డర్‌ని జిప్ చేసి ఆర్కిటెక్టుకి పంపితే అదీ వెంట వెళ్లేది. అందులో వైరస్ ఉంటే డబ్బుపెట్టి కొన్నవాళ్ల మెషీన్‌కీ అంటుకునేది. 2012లో యాంటీవైరస్ సంస్థ ఈసెట్ బయటపెట్టిన మెడ్రే వైరస్ పట్టుకున్నది ఈ దారినే. ఎక్కువగా పెరూలో, తెరిచిన డ్రాయింగుల్ని చైనాలోని ఈమెయిల్ ఖాతాలకి చేరవేసింది. క్రాక్ వల్లే వచ్చిందని అనను. ఆపేసిన యాంటీవైరస్, అప్‌డేట్ లేని ఆటోక్యాడ్ ఉంటే అలాంటిదానికి చాలు.

నాకు ఇంతకంటే భయమైన సంగతి వేరే ఉంది. క్రాక్ వెర్షన్ ఏ సంవత్సరందైతే ఆఫీసు ఆ సంవత్సరంలోనే ఆగిపోతుంది. భవనాల డిజైన్ లెక్కలు చేసే స్టాడ్ ప్రో 2007నే తీసుకోండి. దానికి తెలిసిన భూకంప కోడ్ 2002 నాటి ఐఎస్ 1893. కోడ్ 2016లో మారింది. కాంక్రీటు బీముల మొమెంట్ ఆఫ్ ఇనర్షియాలో (వంపుని అడ్డుకునే గుణంలో) 35 శాతం, కాలమ్‌లదానిలో 70 శాతం మాత్రమే లెక్కలోకి తీసుకోమంది. అలా తీసుకుంటే భవనం పక్కకి ఊగే లెక్క పెరుగుతుంది. అదే ఏడాది భూకంపాలకి సంబంధించిన మరో కాంక్రీటు కోడ్ ఐఎస్ 13920 కాలమ్ కనీస కొలత 300 మిల్లీమీటర్లు ఉండాలంది. మన బిల్డర్లకేమో తొమ్మిదంగుళాల గోడలో కలిసిపోయే 230 మిల్లీమీటర్ల కాలమే ముద్దు. పాత సాఫ్ట్‌వేర్‌కి ఈ గొడవేం తెలియదు, అభ్యంతరమూ చెప్పదు. తెలిసినవాడు చేత్తో సర్దుకుంటాడు. రెండేళ్ల కిందట కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడికి చెప్పేదెవరు?

కొన్న సాఫ్ట్‌వేర్‌తో తప్పు జరగదని కాదు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్‌నర్ ఎ చమురు ప్లాట్‌ఫాం కాంక్రీటు పునాది సముద్రంలో మునిగింది. కంప్యూటర్ మోడల్లో మెష్ (లెక్క కోసం విడగొట్టే గడుల వల) సరిగా లేక షియర్ (కోత బలం) 47 శాతం తక్కువగా వచ్చింది. తర్వాత మళ్లీ లెక్క కడితే 62 మీటర్ల లోతులో విరగాలని తేలింది. నిజంగా విరిగింది 65 దగ్గర. సరైన లెక్క ఆ దగ్గరలోనే ఉంది, వేసినవాళ్లే లేరు.

చట్టం సంగతి క్లుప్తంగా: దొంగ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

లైసెన్సు ధర ఎక్కువే, కాదనను. కానీ రెండంతస్తుల ఇంటికి స్టాడ్ ఎందుకు? ఎక్సెల్ షీటు, ఎస్‌పీ 16 డిజైన్ చార్టులు చాలు. విద్యార్థులకి ఆటోక్యాడ్‌ని దాని కంపెనీ ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తోంది. పెద్ద భవనమైతే లైసెన్సు ఖర్చు ఫీజులో కలిపి అడగాలి. అడిగితే బిల్డరు చదరపు అడుగుకి ఇంకో రూపాయి తగ్గించినవాడి దగ్గరికి వెళతాడు. వాడి కంప్యూటర్లో ఏముందో అడగడు. ఫ్లాటు కొనేవాళ్లూ అడగరు. టైల్స్ ఏ కంపెనీవో మాత్రం తప్పకుండా అడుగుతారు.