పాలగడ్డేలే అనుకునే ముందు

బాలింతకు రొమ్ములో గట్టిగా ఏదో తగిలితే, హైదరాబాద్ ఖాజాగూడ అపార్ట్‌మెంట్లలోనైనా, సాయానికి ఊరినుంచి వచ్చిన అమ్మ చెప్పేది ఒకటే: "పాలు గడ్డకట్టాయమ్మా, కాపడం పెట్టుకో, బిడ్డకు ఆ వైపు ఇంకాస్త పట్టించు." చాలాసార్లు అదే నిజం. పాలనాళం మూసుకుపోవడం, చీముగడ్డ, పాలు నిండిన తిత్తి, పాలిచ్చే రోజుల్లో కనిపించే లాక్టేటింగ్ అడినోమా, ఇవేవీ క్యాన్సర్ కావు. గర్భంతో ఉండగానో, కాన్పయిన ఏడాదిలోపో రొమ్ము క్యాన్సర్ బయటపడేది సుమారు 3,000 గర్భాలకు ఒకరిలో. అంత అరుదు కాబట్టే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ దాని ఊసెత్తరు, నెలలు గడిచిపోతాయి. బిడ్డ తాగాక మెత్తబడే గడ్డ వేరు, తాగినా అదే చోట అంతే గట్టిగా ఉండే గడ్డ వేరు. రెండు వారాలకూ తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీయించాలి. అందులో అనుమానం వస్తే పాలు మాన్పించేదాకా ఆగకుండా సూదితో బయాప్సీ చేయించాలి. తొలికాన్పు 30 దాటాక రావడం మామూలైపోయిన ఈ ఐటీ ప్రాంతంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి, వయసుతోపాటు ఈ ముప్పూ పెరుగుతుంది.

ఇలా చెబితే తల్లులు హడలిపోయి పాలివ్వడమే మానేస్తారని కొందరి అభ్యంతరం. ఆ భయం తీసిపారేయదగింది కాదు. కానీ అల్ట్రాసౌండ్‌కు రేడియేషన్ లేదు, దానికిగానీ బయాప్సీకిగానీ పాలు ఆపక్కర్లేదు. సూది పడ్డచోట పాలు కారుతూ ఉండిపోవడం అరుదు. జబ్బే తేలితే బిడ్డ గతేమిటన్నది అంతకన్నా బరువైన ప్రశ్న. బాలింతకు కీమో మొదలైతే పాలు మాన్పించాల్సిందే, అది బాధాకరమే. గర్భిణికైతే మొదటి మూడు నెలలు కీమో ఇవ్వరు, ఆ తర్వాత కొన్ని మందులు ఇవ్వొచ్చు. తల్లికి క్యాన్సర్ ఉండగా కడుపులో పెరిగిన 129 మంది పిల్లల్ని బెల్జియం వైద్యుడు ఫ్రెడెరిక్ అమాంట్ బృందం గమనించి 2015లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో ఎక్కువమంది తల్లులు కీమో తీసుకున్నవారే. పిల్లల గుండె, బుద్ధి వికాసం మిగతా పిల్లలతో సమానంగానే ఉన్నాయి. కొందరి బుద్ధి వికాసంలో కనిపించిన వెనకబాటుకు నెలలు నిండకుండా పుట్టడంతో సంబంధం ఉందని తేలింది. కాబట్టి బిడ్డ కోసమని పరీక్ష వాయిదా వేయడంలో అర్థం లేదు.

6, 10, 14 వారాలకు టీకాల కోసం తల్లి ఎలాగూ ఆస్పత్రికి వస్తుంది. బిడ్డ బరువు తూస్తారు, తొడకు సూది వేస్తారు, కార్డు మీద తేదీ రాస్తారు. "నీకు రొమ్ములో ఎక్కడైనా గట్టిగా ఉందామ్మా, ఎన్నాళ్లయింది?" అని అడగడానికి అరనిమిషం చాలు. జవాబు కూడా ఆ కార్డు మీదే రాస్తే, నాలుగు వారాల తర్వాత వచ్చినప్పుడు గడ్డ తగ్గిందో లేదో చూడటానికి ఆధారం దొరుకుతుంది.