క్రాంక్ హ్యాండిల్

మా నాన్న సిగ్నల్ మెయింటైనరుగా రిటైరయ్యింది ఛత్తీస్‌గఢ్ కర్గీ రోడ్ స్టేషన్లో. స్టేషన్‌కి ఆ పేరు, ఊరికి కోటా అని. శ్రీకాకుళం చుట్టాలు ఇప్పటికీ రాజస్థాన్ కోటాయే అనుకుంటారు.

పోయినేడు పక్షవాతం వచ్చింది. నడక కొంత తిరిగొచ్చింది గానీ కుడి పాదం పైకి లేవదు. ఆ కాలి చెప్పు ముందంచు అరిగిపోయింది. అందుకే లోకల్లో బిలాస్‌పూర్ వెళ్లి కరెంటు పెట్టించుకొస్తున్నాం.

ఫిజియో అమ్మాయి స్పాంజి ప్యాడ్‌ని నీళ్లలో ముంచి పిండుతుంది. తడి చాలకపోతే చర్మం చురుక్కుమంటుంది. ఒక ప్యాడ్ మోకాలి పక్కన కట్టి, పెన్నులాంటి రెండోదాన్ని ముంగాలి కండ మీద జరుపుతూ వెతుకుతుంది. వేలెడు పక్కకి పోతే కాలివేళ్లు మాత్రమే లేస్తాయి. చోటు దొరికితే పాదం మొత్తం టక్కున లేస్తుంది. మొదటిసారి నాన్న దాన్ని ఎవరి పాదమో అన్నట్టు చూశారు.

"ఈ చోటుని ఏమంటారు బేటీ?"

"మోటార్ పాయింట్, అంకుల్."

నాన్న పకపకా నవ్వారు. ముప్పయ్యేళ్లు ఆయన గ్రీజు పూసింది బండిని పట్టాలు మార్చే మోటార్ పాయింట్లకే.

దెబ్బ తగిలింది మెదడులో. వెన్నుపాము నుంచి కాలికొచ్చే నరం బాగానే ఉంది. అందుకే సెకనుకి ముప్పై, నలభై పల్స్‌లిస్తే కండ బిగుస్తుంది. నాన్న ఆ అమ్మాయితో దీన్ని తేల్చేశారు: "పాయింటు మంచిదే, మోటారూ మంచిదే. కేబిన్ ఆర్డరే రావట్లేదు. నువ్వు క్రాంక్ హ్యాండిల్ వేసి చేత్తో తిప్పుతున్నావన్నమాట."

ఇలా పాదం లేవనివాళ్లు నడిచేటప్పుడు వాడేందుకు 1961లో లిబర్సన్ అనే అమెరికన్ డాక్టరు బృందం మడమ కింద స్విచ్ పెట్టింది. మడమ లేస్తే కరెంటు, నేల తాకితే బంద్. నాకైతే ఏ రోబో కాలికన్నా ఈ స్విచ్చే ముద్దొస్తుంది. ఇలాగే చెవి నరానికి కరెంటుతో కబురందించే కాక్లియర్ ఇంప్లాంట్ పనిని టార్పెడోలు రూపొందించే విశాఖ రక్షణ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ చేపట్టిందని చెబితే, నాన్న "మనవాళ్లే" అని మీసం దువ్వుకున్నారు.

ఇంతకుముందు వెళ్లినచోట ప్యాడ్లు అంటించి, పావుగంట ఫోన్ చూసుకునేవాళ్లు. ఈ అమ్మాయి అలా వదలదు. కరెంటు వచ్చే క్షణానికి "మీరూ ఎత్తండి అంకుల్, ఎత్తండి" అని అరుస్తుంది. నాన్న దవడ బిగించి, నుదురు చెమటపట్టేదాకా ఎత్తబోతారు. మెషిన్ ఒక్కటే ఎత్తితే అది దాని వ్యాయామమే, నాన్నది కాదు.

నిన్న తిరుగు బండి ఘుట్కూ దగ్గర లూప్ లైన్లోకి మళ్లింది. నాన్న కిటికీలోంచి పాయింట్లనే చూస్తున్నారు. చెప్పులో పాదం కాస్త కదిలినట్టనిపించింది. బండి కుదుపేమో, అడగలేదు.