వీడియో ఆపాక పిల్లలు ఏం మాట్లాడారు?

మన టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య పాఠాల కంటే లింకులే ఎక్కువ తిరుగుతున్నాయి. అక్షరాలకో వీడియో, నీటి చక్రానికో వీడియో, కూరగాయల పేర్లకో వీడియో, తెనాలి రామకృష్ణుడి కథకో వీడియో. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. వారమంతా అమెరికన్ బడికి వెళ్లి, ఆదివారం పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టాలంటే ఏదో ఒకటి కదలాలి, ఏదో ఒకటి వినిపించాలి. నేనూ చూపిస్తాను. మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అయితే ఏ వీడియో మంచిదో తేల్చుకోవడానికి మన దగ్గర ప్రస్తుతం ఉన్న కొలత ఒక్కటే: పిల్లలు అల్లరి చేయకుండా చూశారా లేదా. ఆ కొలతతోనే నాకు పేచీ.

ముందు లెక్క చూద్దాం. ఏడాదికి 30 ఆదివారాలు, వారానికి 90 నిమిషాలు అనుకోండి. మొత్తం 45 గంటలు. తరగతిలో 12 మంది ఉంటే, టీచరు అసలు నోరు తెరవకపోయినా ఒక్కొక్కరికి మాట్లాడే వంతు వారానికి ఏడున్నర నిమిషాలకు మించదు. అందులోంచి పది నిమిషాలు వీడియోకి ఇచ్చామంటే, ఆ పది నిమిషాలూ 12 మంది నోళ్లు మూతపడ్డట్టే. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు వినబడుతూనే ఉంది. అమ్మ తెలుగులో అడుగుతుంది, బిడ్డ ఇంగ్లీషులో జవాబిస్తుంది. వినడానికి కొదవ లేదు, మాట్లాడే అవకాశానికే కరువు. అందుకని ఏ వీడియో చూసినా నేను అడిగే ప్రశ్న ఇది: దాన్ని ఆపాక పిల్లలు తెలుగులో ఏం చెప్పగలిగారు?

ఈ ప్రశ్న పెట్టుకుంటే పాటల వీడియోల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. అయిదేళ్ల లోపు పిల్లలు వాటితో కలిసి పాడతారు, చేతులు తిప్పుతారు, నోరు తిరుగుతుంది. వాళ్లకది చాలు. తొమ్మిదేళ్ల వాడికి అదే పాట వేస్తే మాత్రం, తెలుగంటే పసిపిల్లల భాష అని వాడు లోలోపల తీర్మానించుకుంటాడు. ఆ సంగతి మనకి చెప్పడు. ఆరో తరగతికి వచ్చేసరికి సాకర్ ప్రాక్టీసు ఉందని బడి మానేస్తాడు. లెక్కలు, సైన్సు, చరిత్ర తెలుగులో కొంచెమైనా చెప్పాలని నేను పట్టుబట్టడానికి కారణం అదే. బుర్రలో తిరిగే విషయాలకు తెలుగు మాట దొరక్కపోతే, ఆ భాష "అన్నం తిన్నావా, చెప్పులు విప్పావా" దగ్గరే ఆగిపోతుంది.

అక్షరాల వీడియోల మీద నాకు కొంచెం కోపమే ఉంది. చాలావాటిలో తెలుగు అక్షరం కింద, దాని కంటే పెద్దగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ రాసి పెడతారు. ఇంగ్లీషు చదవడం వచ్చిన పిల్లల చూపు ఎక్కడికి పోతుంది? వాళ్లు గడగడా చదివేస్తే మనం మురిసిపోతాం. వాళ్లు చదివింది తెలుగు కాదు. పైగా ల, ళ రెండిటికీ కింద ఒకే ఇంగ్లీషు అక్షరం. కొన్నిటిలో అక్షరం ఎడమ నుంచి కుడికి తెర తీసినట్టు బయటపడుతుంది. చెయ్యి ఎక్కడ మొదలెట్టాలో, తలకట్టు ఎప్పుడు పెట్టాలో దాన్ని చూసి ఎవరూ నేర్చుకోలేరు. టీచరు చేత్తో బోర్డు మీద రాసి చూపించే అర నిమిషం దీనికంటే వంద రెట్లు నయం. ఈ రకం వీడియోలు తరగతిలో వద్దని నా అభిప్రాయం. చేయి కనబడుతూ, నెమ్మదిగా రాస్తూ, ఇంగ్లీషు అక్షరం లేకుండా తీసినవి దొరికితే ఇంటి దగ్గర అభ్యాసానికి ఇవ్వండి.

సైన్సు వీడియోల దగ్గర వేరే చిక్కు. తెలుగులో దొరికేవి చాలామటుకు ఆంధ్ర, తెలంగాణ పాఠ్యపుస్తకాలను బట్టి చేసినవి. అక్కడి పిల్లల పరీక్షలకి అవి అవసరమే. నీటి చక్రం వీడియో తీసుకోండి. మొదటి నిమిషంలోనే బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని మూడు మాటలు దొర్లిపోతాయి. ఇక్కడి పిల్లల సంగతి సరే, ఇంగ్లీషు మీడియంలో చదువుకుని వచ్చిన మన తల్లిదండ్రుల్లో సగం మందికి అవి కొత్త. దాంతో "సైన్సు తెలుగులో కుదరదండీ" అనేస్తారు. కుదురుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది ఆవిరి. మూత లోపల అంటుకున్నవి నీటిచుక్కలు. ఆవిరి చల్లబడితే నీళ్లవుతుంది. ఎండకి తడి బట్ట ఆరుతుంది, మబ్బు పడుతుంది, వాన కురుస్తుంది. ఈ మాటలన్నీ బిడ్డ ఇంట్లో ఉన్నవే. వీటితో నీటి చక్రం మొత్తం చెప్పొచ్చు. పుస్తకం మాట ఆ తర్వాత వస్తే భయపెట్టదు. కిరణజన్య సంయోగక్రియ అన్నది అంత పొడుగుందని నవ్వుతారు గానీ, ఆపి విడగొడితే దాని అర్థం దాంట్లోనే ఉంది: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. వీడియోలో అది ఒక్క సెకనులో దాటిపోతుంది. విడగొట్టే తీరిక వీడియోకి లేదు, టీచరుకి ఉంది.

ఇక "వీడియో చిన్నదైతే చాలు, పిల్లలకి ఎక్కుతుంది" అన్న నమ్మకం. దీనికి ఆధారంగా చాలామంది చెప్పే "ఆరు నిమిషాలు" అన్న అంకె 2014లో వచ్చిన ఒక పరిశోధన నుంచి వచ్చింది. ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో సుమారు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి, వీడియో ఎంత పొడుగున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి చూడటం లేదని చెప్పారు. వాళ్లంతా కాలేజీ స్థాయి పాఠాలు చూసేవాళ్లు. పైగా అది ముఖ్యంగా ఎంతసేపు చూశారన్న లెక్క. ఆరు నిమిషాల్లో ఎంత నేర్చుకున్నారో ఆ అంకె చెప్పదు.

నేర్చుకోవడం సంగతి డెరెక్ ముల్లర్ చూశాడు. యూట్యూబ్‌లో వెరిటాసియం పేరుతో సైన్సు వీడియోలు చేసే ఆయనే. 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పీహెచ్‌డీ భౌతికశాస్త్రపు వీడియోల మీదే. చక్కగా, సూటిగా వివరించిన వీడియో చూసినవాళ్లు చాలా స్పష్టంగా ఉందన్నారు. పరీక్ష పెడితే మార్కులు దాదాపు అక్కడే ఉన్నాయి. జనంలో ఉండే తప్పు ఊహలను ముందు బయటపెట్టి, వాటితో వాదించిన వీడియో చూసినవాళ్లు తికమకగా ఉందన్నారు. మార్కులు మాత్రం వాళ్లకే పెరిగాయి. పిల్లలు హాయిగా చూశారు, అర్థమైందన్నారు అని మనం సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

దీన్ని తరగతిలో వాడుకోవడం కష్టమేం కాదు. ఐసు ముక్కలు వేసిన గ్లాసు ఒకటి బల్ల మీద పెట్టండి. కాసేపటికి బయట చెమర్చుతుంది. "ఈ నీళ్లు ఎక్కడివి?" అని తెలుగులో అడగండి. "లోపలి నీళ్లు బయటికి కారాయి" అనేవాడు ఒకడైనా ఉంటాడు. కాదని వెంటనే చెప్పకండి, వాదించుకోనివ్వండి. వాక్యాలు తప్పులతడకగా వస్తాయి, రానివ్వండి. వీడియో ఆ తర్వాత. అప్పుడు వాళ్లు దాన్ని తమ తగువు తీర్చే పెద్దమనిషిలా చూస్తారు. రెండు నిమిషాల దగ్గర ఆపి, ఎవరు గెలిచారో మళ్లీ తెలుగులోనే చెప్పించండి.

ఇక్కడో మాట. మన పనికి మంచి వీడియో తెలుగులోనే ఉండాలని లేదు. నేను చూపించేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది "పవర్స్ ఆఫ్ టెన్". చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1977లో తీసిన సుమారు తొమ్మిది నిమిషాల సినిమా. షికాగోలో సరస్సు పక్కన పార్కులో పిక్నిక్‌కి వచ్చిన ఇద్దరి మీద మొదలై, కెమెరా ప్రతి పది సెకన్లకు పది రెట్లు దూరం జరుగుతూ అంతరిక్షంలోకి పోతుంది. తర్వాత వెనక్కొచ్చి మనిషి చేతిలోకి, కణంలోకి, అణువులోకి దిగుతుంది. అందులో ఇంగ్లీషు వ్యాఖ్యానం ఉంది. శబ్దం తీసేయండి. ఇప్పుడు వ్యాఖ్యానం మీ పిల్లలది. ఒక మీటరు, పది, వంద, వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. పది సెకన్లకో అంకె, అంతా కలిసి గట్టిగా. కోటి మీటర్ల దగ్గర భూమి గుండ్రంగా, మొత్తంగా తెర మీద కనిపిస్తుంది. కోటి అంటే ఏడు సున్నాలని పదిసార్లు రాయించినా రానిది, "కోటి అంటే భూమి మొత్తం కనిపించేంత" అని ఒక్కసారికే వచ్చేస్తుంది. పది లక్షల దగ్గర ఆపితే ఇంకో ముచ్చట. అమెరికన్ బడిలో వాళ్లు దాన్ని మిలియన్ అంటారు, 1,000,000 అని కామాలు పెడతారు. మన లెక్కలో 10,00,000. అంకె అదే, కామా జరిగింది. ఎందుకు జరిగిందో వాళ్లనే చెప్పమనండి. పెద్ద తరగతి పిల్లలైతే ఇంకా ముందుకెళ్లి వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు అనుకుంటూ పోతారు. తెలుగు పేపర్లో బడ్జెట్ వార్తలు చదివే తాతగారికి ఫోన్లో ఈ సంగతి చెబితే ఆయన మురిసిపోతారు. మీటరుకి ముందు జాన, మూర కూడా కొలిపించండి. బల్ల పొడుగు ఎన్ని మూరలో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది, దాని మీద పోట్లాట మొదలవుతుంది. పోట్లాట తెలుగులో జరిగితే పాఠం సగం అయిపోయినట్టే.

కూరగాయలు, వస్తువుల పేర్ల వీడియోలకీ ఇదే మందు. వీడియో ఒక్క పేరే చెబుతుంది. తెర మీద వేరుశనగ అని రాగానే ఆపి, "మీ ఇంట్లో ఏమంటారు?" అని అడగండి. పల్లీలు అంటారు ఒకరు, శనక్కాయలు అంటారు ఇంకొకరు, కర్నూలు వైపు వాళ్లు బుడ్డలు అంటారు. సొరకాయ దగ్గర ఆనపకాయ వస్తుంది. అడక్కపోతే, వీడియోలోది సరైన తెలుగు, మా అమ్మమ్మది తప్పు తెలుగు అని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. కొన్ని ఇళ్లల్లో అది ఇప్పటికే జరిగింది.

తల్లిదండ్రులకి ఒక మాట. "మావాడు రోజూ గంటసేపు తెలుగు వీడియోలు చూస్తాడండీ" అని మీలో కొందరు చెబుతుంటారు. 2003లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకి చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడితే పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాలను పట్టుకున్నారు. అవే మాటలు, అంతే సమయం టీవీలో వినిపిస్తే పట్టుకోలేదు. మన ఎనిమిదేళ్ల పిల్లలు పసికందులు కారు, వీడియో నుంచి కొన్ని మాటలు తప్పక నేర్చుకుంటారు. కానీ బిడ్డ ఒక్కతే ఐప్యాడ్ పట్టుకుని సోఫాలో కూర్చున్న గంటని తెలుగు గంటగా లెక్కేసుకోకండి. ఆటోప్లే ఆన్‌లో ఉంటే మూడో వీడియోకి అది హిందీలోకో ఇంగ్లీషులోకో జారిపోతుంది కూడా. మూడు నిమిషాల వీడియో పక్కన కూర్చుని చూసి, వంట చేస్తూ "ఆ నక్క చివరికి ఏం చేసింది?" అని అడగండి. బిడ్డ ఇంగ్లీషులో మొదలుపెడితే, తిట్టకుండా, ఆ వాక్యాన్నే మీరు తెలుగులో అని వదిలేయండి.

టీచర్లకి నా విన్నపం చిన్నది. ఇక మీదట గ్రూపులో లింకు పెట్టేటప్పుడు దాని కింద రెండు వాక్యాలు రాయండి: ఏ నిమిషం దగ్గర ఆపాలి, ఆపి ఏం అడగాలి. ఆ రెండూ తట్టకపోతే లింకు పంపకండి. వచ్చే సెమిస్టరు కరదీపికలో వేసే వీడియోల పట్టిక ఇలాంటివాటితోనే తయారవుతుంది. ఇరవై లింకులకి బదులు ఆరే మిగిలినా ఫర్వాలేదు.