బోర్లించి చూడవలసిన యంత్రం

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందు తెర చూస్తారు, తర్వాత స్టిక్కరు చదువుతారు, ఆపైన బేరమాడతారు. దాన్ని బోర్లించి అడుగుభాగం చూసేవాళ్లు తక్కువ. డబ్బుకు లోటు లేనివాళ్లకు ఆ అవసరమూ లేదు, పాడైతే ఇంకోటి కొంటారు. చేతిలో ఉన్నది పాతికవేలే అయి, ఆ డబ్బుతో కొన్న యంత్రం చదువు పూర్తయి మొదటి ఉద్యోగం దొరికేదాకా నడవాలనుకునే ఇంటివాళ్లు మాత్రం ముందు అడుగుభాగాన్నే చూడాలని నా నమ్మకం.

ఇంజనీరింగ్ సీట్లు ఖాయమయ్యే రోజుల్లో విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ద్వారకానగర్ లైన్లలోకి నడిస్తే ఇలాంటి ఇళ్లవాళ్లు కంప్యూటర్ దుకాణాల్లో కనిపిస్తారు. టెక్కలి నుంచో నర్సీపట్నం నుంచో పొద్దున్న బస్సుకు వచ్చిన తండ్రి, పక్కన కూతురు. కౌంటర్ వెనక కుర్రాడు "ఐ ఫైవ్ అండి, ఎనిమిది జీబీ అండి, కొత్త జనరేషన్ అండి" అని గడగడా చెప్పుకుపోతుంటాడు. తండ్రి అంతా విని అడిగేది ఒక్కటే: "నాలుగేళ్లు ఆగుతాదా బాబూ?" ఎంత మంచి ప్రశ్న! స్టిక్కరు మీద దానికి జవాబుండదు. జవాబు మడతబందుల్లో ఉంటుంది, మరల్లో ఉంటుంది, ఫ్యానును విప్పి తుడవడానికి ఎంత వీలుందన్న దాంట్లో ఉంటుంది.

ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పగల యంత్రం ఒకటుంది. లెనోవో 2018లో తెచ్చిన థింక్‌ప్యాడ్ టీ480. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు ఉద్యోగుల చేతికిచ్చి మూడు నాలుగేళ్లు వాడించుకుని, లీజు ముగియగానే మూకుమ్మడిగా వదిలేసిన సరుకు. దాన్ని కొని, తుడిచి, చెడ్డ భాగాలు మార్చి 'రీఫర్బిష్డ్' పేరుతో అమ్ముతారు. కొత్తగా ఉన్నప్పుడు విద్యార్థి కన్నెత్తి చూడలేని ధర, ఇప్పుడు ఇరవై వేల చుట్టుపక్కలకు దిగింది. సెకండ్ హ్యాండ్ అనగానే ముఖం చిట్లించే తండ్రిని నేను తప్పుపట్టను. ఒక్కసారి విప్పి చూడమని మాత్రం అడుగుతాను.

మడతబందుల దగ్గర మొదలుపెడదాం. తక్కువ ధర ల్యాప్‌టాపులకు తరచుగా వచ్చే జబ్బు ఇక్కడే పుడుతుంది. వాటిలో లోహపు మడతబందును పట్టి ఉంచేవి ప్లాస్టిక్ గుబ్బల్లో దించిన బుల్లి ఇత్తడి నట్లు. తెర ఎత్తిన ప్రతిసారీ మడతబందు బిగువంతా ఆ నట్ల మీద పడుతుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక, తెరను ఒక మూల పట్టి ఎత్తే అలవాటున్నవాళ్ల దగ్గరైతే ఇంకా ముందే, నట్టు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడివస్తుంది. ప్రాసెసర్ బాగానే ఉంటుంది, తెరా బాగానే ఉంటుంది, మూత మాత్రం సరిగా పడదు. ఆరాల్డైట్ పెట్టి అతికిస్తారు, మళ్లీ ఊడుతుంది. రెండు రూపాయల చోట పొదుపు చేసి యాభైవేల వస్తువును పాడుచేసిన పనితనం అది. టీ480 మూత ఎత్తి చూడండి. తెర ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. వెనక్కి వాల్చుకుంటూ పోతే బల్ల మీద పూర్తిగా పడుకుంటుంది, ఎక్కడా కిర్రుమనదు. ఇన్నేళ్లు ఆఫీసు చేతుల్లో నలిగి వచ్చిన వాటిలో కూడా ఆ బిగువు సడలకపోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక బోర్లించండి. రెండు గొళ్లేలు జరిపితే వెనక బ్యాటరీ చేతిలోకి వచ్చేస్తుంది. అడుగు పలకకు ఉన్నవి ఆరు మరలు, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. మరను తిప్పుతూ పోతే వదులవుతుంది గానీ ఊడి కింద పడదు, పలకనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ చిన్న ఏర్పాటు దగ్గర నేనెప్పుడూ కాసేపు ఆగిపోతాను. రిపేరు బల్ల దగ్గర కూర్చున్న ఎవరినైనా అడగండి, మర దొర్లిపోతే వెతుక్కోవడం ఎంత విసుగో, పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగు మర బిగిస్తే లోపల బోర్డుకు ఎంత ముప్పో చెబుతారు. ఈ మరలను పలకకే కట్టిపడేసిన ఇంజనీరు, తానెన్నడూ చూడబోని రిపేరు మనిషి చేతిని తలుచుకుని ఆ పని చేశాడు. కొనేవాడికి అది కనిపించదు, ప్రకటనలో చెప్పుకోవడానికి పనికిరాదు. అయినా చేశాడు.

దీన్ని ఎలా విప్పాలో చెప్పే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ను కంపెనీయే అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఏ భాగం తీయాలన్నా దానికంటే ముందు ఏవేవి తీయాలో వరుసగా ఉంటుంది. పక్కన బొమ్మ, ఏ మర ఏ కొలతదో, దాన్ని ఎంత బలంతో బిగించాలో అంకెలతో సహా ఉంటుంది. థింక్‌ప్యాడ్ మాన్యువళ్లు మరల గురించి విడిగా మాట్లాడతాయి. అదురుకు వదులు కాకుండా కొన్ని మరలకు నైలాన్ పూత వేస్తారు. ఒకసారి విప్పిన పూత మరను తిరిగి వాడకుండా కొత్తది వేయమని చెబుతాయి. ఒక మర గురించి ఇంత పట్టింపా అనిపిస్తుంది. ఆ పట్టింపు వల్లే ఏళ్లు గడిచినా ఈ పెట్టె అంచులు పట్టుసడలలేదు.

పలక తీస్తే లోపల ర్యామ్‌కు రెండు గాళ్లు కనిపిస్తాయి. రెండూ ఖాళీ చేసి మార్చుకోవచ్చు. ఇవాళ ఎనిమిది జీబీతో కొని, రెండో ఏడాది కాస్త డబ్బు చేరాక పదహారు చేసుకోవచ్చు. సన్నటి కొత్త ల్యాప్‌టాపులు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే టంకం పెట్టేస్తున్నారు, కొన్న రోజున ఎంతుంటే చివరిదాకా అంతే. డబ్బు విడతలు విడతలుగా చేతికొచ్చే ఇళ్లకు ఈ రెండు గాళ్లు పెద్ద ఊరట.

ఫ్యాను దగ్గరికి వస్తే విశాఖ గాలి గురించి చెప్పుకోవాలి. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు ఉప్పు తేమ. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు, ముడి ఖనిజాల ధూళి. కిటికీ ఊచలను తినే గాలి ల్యాప్‌టాప్‌ను విడిచిపెట్టదు. ఫ్యాను ఆ ధూళిని లోపలికి లాగుతుంది. వేడిని బయటికి పంపే సన్నటి రేకుల మధ్య తేమతో కలిసి అది దూదిలా పేరుకుంటుంది, వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 'పాతదైపోయింది, నెమ్మదించింది' అని జనం పక్కన పడేసేవాటిలో ఇలా ఊపిరాడనివి ఎన్నో. టీ480కి ఆరు మరలు వదులు చేసి, మెత్తటి బ్రష్షుతో దులిపి, మళ్లీ బిగించడం అరగంట పని. బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపే ఏర్పాటు ఉంది, విప్పే ముందు ఆ పని మరవకూడదు. ఈ ఊళ్లో ఆరు నెలలకోసారి ఇలా దులుపుకోవడం మంచిది.

కీబోర్డు కింద పల్లం ఉంది, అక్కడి నుంచి అడుగు పలక దాకా కాలువ, చివర బయటికి రంధ్రాలు. నీళ్లు ఒలికితే బోర్డు మీదికి పోకుండా కిందికి కారిపోవాలని. పాలు, పంచదార వేసిన మన టీ ఒలికినప్పుడు కాలువ ఒక్కటే సరిపోదు, వెంటనే ఆపి, కీబోర్డు తీసి తుడిపించుకోవాలి. కానీ బోర్డు బతికే అవకాశం ఉంటుంది, కీబోర్డు ఒక్కటే మార్చుకునే వీలూ ఉంది.

ఆ కీబోర్డు గురించి ఇంకో మాట. ఒక్కో మీట మధ్యలో వేలికొనకు సరిపడేంత గుంట, కింది అంచు కాస్త వంపు. గురి తప్పిన వేలు దానంతటదే సరైన మీట మీదికి జారుతుంది. మీట దిగే లోతు దాదాపు 1.8 మిల్లీమీటర్లు. సన్నదనం కోసం చాలామంది కోసేసిన లోతును ఇక్కడ నిలబెట్టారు. గంటల తరబడి ప్రోగ్రాములు, రికార్డులు టైపు చేసే వేళ్లకు ఆ తేడా రాత్రి పన్నెండింటికి తెలుస్తుంది. మధ్యలోని ఎర్ర బొడిపె ట్రాక్‌పాయింట్, ఐబీఎంలో టెడ్ సెల్కర్ ఆలోచన. మీటల మీద నుంచి చేయి తీయకుండానే బాణం గుర్తును జరుపుకోవచ్చు. ఒళ్లో పెట్టుకుని పాసింజరు రైల్లో పనిచేసేవాళ్లకు దాని విలువ తెలుసు.

ఈ శ్రద్ధ ఒక్క మోడల్‌తో పుట్టింది కాదు. పేరు తెచ్చుకున్న మొదటి థింక్‌ప్యాడ్, 700సీని ఐబీఎం 1992లో తెచ్చింది. నల్లటి, నిరాడంబరమైన పెట్టె రూపం జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్‌ది. మూత తీస్తేనే లోపలి ఒబ్బిడి తెలిసే జపాన్ భోజనపు పెట్టె ఆయనకు స్ఫూర్తి. యంత్రాన్ని మలిచింది జపాన్‌లోని యమాతో ప్రయోగశాల, అక్కడ ఆరిమాస నైతో నడిపిన ఇంజనీర్ల బృందం. 2005లో ఐబీఎం కంప్యూటర్ల వ్యాపారం లెనోవో చేతికి వెళ్లింది. యమాతో ఇంజనీర్లు తమ పట్టింపులతో సహా వెళ్లారు.

ఇన్ని థింక్‌ప్యాడ్‌లలో టీ480నే ఎందుకు ఎంచుకోవాలి? పాత మంచి చివరిసారిగా, కొత్త బలం మొదటిసారిగా ఇందులోనే కలిశాయి కాబట్టి. దీనికి ముందున్న టీ470లో ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్‌కు రెండే కోర్లు. టీ480తో వచ్చిన ఎనిమిదో తరంలో ఐ ఫైవ్‌కు కూడా నాలుగు కోర్లు వచ్చాయి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ గీసిన గీత ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం దగ్గరే మొదలవుతుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న టీ480 గీతకు ఇవతల ఉంది, టీ470 అవతల పడింది. మరుసటి ఏడు వచ్చిన టీ490ని చూస్తే, సన్నబడింది కానీ వెనక బ్యాటరీ పోయింది, ర్యామ్‌లో ఒకటి బోర్డుకు అతుక్కుపోయింది.

ఆ వెనక బ్యాటరీ దగ్గరే నా మెప్పంతా. టీ480 లోపల 24 వాట్ అవర్ల చిన్న బ్యాటరీ ఒకటి, వెనక బయటికి తీయగలిగేది ఇంకొకటి. యంత్రం ముందు వెనకదాన్ని వాడుకుంటుంది. అది అయిపోతే ఆపకుండానే ఊడదీసి నిండుదాన్ని తగిలించవచ్చు, ఆ కాసేపు లోపలిది నడిపిస్తుంది. 72 వాట్ అవర్లది తగిలిస్తే కింద చిన్న కాలులా పొడుచుకు వచ్చి, కీబోర్డు కొద్దిగా వాలుగా నిలుస్తుంది. అదీ బాగుంటుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన నగరానికి దీని సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. 1948లో జల ఉష ఓడను నీట దించిన నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు వాళ్లకైతే ఇది తెలిసిన విద్యే. ఓడ పొట్టకు జింకు దిమ్మలు బిగిస్తారు. ఉప్పునీరు ఉక్కును వదిలి వాటిని తింటుంది, అరిగినవి తీసి కొత్తవి బిగిస్తారు, ఓడ మళ్లీ సముద్రంలోకి పోతుంది. ల్యాప్‌టాప్‌లో అన్నిటికంటే ముందు ముసలిదయ్యేది బ్యాటరీ అని తెలిసి, దాన్ని మరలు కూడా విప్పకుండా మార్చుకునేలా చేయడం అలాంటి తెలివే.

లోపాలూ ఉన్నాయి. తెరలో రంగులు పేలవం. 1366 బై 768 తెరతో వచ్చినవి అసలు తీసుకోవద్దు, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ కావాలని గట్టిగా అడగండి. అదైనా ఎండపొద్దున వరండాలో కూర్చుంటే మసకగానే కనిపిస్తుంది. బరువు కిలోన్నర దాటుతుంది. గేములకు, భారీ వీడియో ఎడిటింగుకు ఇది కాదు. థండర్‌బోల్ట్ పోర్టును నడిపే ఫర్మ్‌వేర్‌లో లోపం ఉండేది, దాని వల్ల పోర్టు పనిచేయకుండా పోయే ప్రమాదం. లెనోవో తర్వాత సవరించిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది, అది వేశారో లేదో దుకాణంలోనే చూపించమనాలి. ఛార్జింగ్ కూడా టైప్ సీ పోర్టుల ద్వారానే కాబట్టి రెండింటిలోనూ ఛార్జర్ పెట్టి చూడండి.

ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదని అర్థం, ఎంత తగ్గించినా వద్దనండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయిస్తే కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది పక్కపక్కనే కనిపిస్తాయి. అడుగు పలక మీ ఎదుటే విప్పించండి. పోర్టుల చుట్టూ, మరల తలల మీద పచ్చటి చిలుము గానీ తుప్పు గానీ ఉంటే అది సముద్రం పక్కనే బతికిన యంత్రం, వదిలేయండి. విప్పడానికి ఒప్పుకోని దుకాణంలో కొనకండి. టీ480 దొరకకపోతే అదే కాలపు డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా ఇదే కోవవి, వెనక బ్యాటరీ ఒక్కటే లేదు.

పాతికవేలలో మిగిలిన నాలుగైదు వేలతో సంచీ, మౌసు కొనకండి. వెనక బ్యాటరీ కొత్తది వేయించుకోండి. అప్పటికీ మిగిలితే రెండో గాడిలో ఇంకో ఎనిమిది జీబీ. మంచి స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, మెత్తటి బ్రష్షు ఒకటి అమ్మాయి హాస్టల్ పెట్టెలో పెట్టండి. మొదటిసారి విప్పేటప్పుడు మాన్యువల్ ఎదురుగా పెట్టుకుని తనే విప్పాలి.