నూతన ఉద్యమాలు: సాంస్కృతిక మార్పు ఒక్కటే కారణమా?

నూతన మత ఉద్యమాలను గూర్చిన చర్చలలో ఒక వివరణ తరచుగా వినిపిస్తుంది: సమాజం మారుతుంది, పాత సంఘం ఆ మార్పును అందుకోలేదు, కనుక కొత్త ఉద్యమం పుడుతుంది. ఇందులో కొంత నిజమున్నది. అయితే కోస్తాంధ్రలోని రెండు ఉద్యమాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఇది చాలదని తేలుతుంది.

1938లో యం. దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుండి వేరై బైబిలు మిషనును ఆరంభించారు. 1942లో మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పారు. ప్రాంతము, కాలము దాదాపు ఒక్కటే. దర్శనము, స్వస్థత ప్రార్థన, తెలుగు పాట రెండింటిలోను ప్రధానమైనవే. అయినా బైబిలు మిషను బాప్తిస్మమును నిలుపుకొని సంఘంగా స్థిరపడింది. సుబ్బారావు గారు బాప్తిస్మమును, సంఘ సభ్యత్వమును నిరాకరించారు. ఆయన అనుచరులలో అనేకులు హిందూ కుటుంబాలలోనే ఉండి క్రీస్తును ఆరాధించారు.

ఒకే మార్పు రెండు భిన్న ఫలితాలనిచ్చినప్పుడు, ఆ మార్పును మాత్రమే కారణంగా చూపడం అసంపూర్ణమవుతుంది. ఇక్కడ దారులను వేరు చేసినది ఒక దైవశాస్త్ర ప్రశ్న: క్రీస్తును నమ్మినవాడు తన సమాజమును విడిచి మరొక సమాజంలో చేరవలెనా? బాప్తిస్మమంటే కులం, బంధుత్వం కూడా మారడమేనని గ్రామం భావించిన చోట ఇది జీవన్మరణ సమస్య.

సుబ్బారావు గారి ఉద్యమంపై కాయ్ బాగో 1968లో వెలువరించిన అధ్యయనం ఈ ప్రశ్నను మన ముందుంచింది. పి. సొలొమోన్ రాజ్ 1986లో ప్రచురించిన గ్రంథం బైబిలు మిషనును పరిశోధనకు తగిన విషయంగా నిలబెట్టింది. ఆ మేలు మరువరానిది. కాని ఆయన గ్రంథనామంలో ఎన్నుకొన్న ‘జానపద మతం’ అనే మాట పాఠకుని పక్కదారి పట్టించే ప్రమాదమున్నది. ‘జానపదం’ అనగానే దానిని ఆచారంగా వర్ణించి, సిద్ధాంతంగా పరీక్షించకుండా వదిలివేస్తాము. దేవదాసు అయ్యగారి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నేటికీ ఉన్నాయి. ఆయనతో పొత్తు లేని సంఘాలు కూడా పాడే ఆ పాటలను జానపదమని పక్కన పెట్టగలమా?

విశ్వాసులు వేరొక కూటమికి వెళ్లినప్పుడు కాలం మారిందని సరిపెట్టుకోవడం కాపరికి తేలిక. వారు అక్కడ ఏ ప్రార్థనను, ఏ బోధను వెదకుచున్నారో అడిగి తెలుసుకోవడం కష్టం. ఆ జవాబులను వాక్యపు వెలుగులో పరీక్షించవలెను. మన పరిచర్యను కూడా అదే వెలుగులో పరీక్షించుకొనవలెను.