శవయాత్రాగీతము – రెండు వ్యాఖ్యానములు

స్వరకర్త వ్రాసిన సూచనను వాదకుడు మార్చవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధాంతచర్చలకంటె నొక గ్రామఫోను రికార్డులో స్పష్టముగా దొరకునని మా యభిప్రాయము. రష్యా దేశీయుడగు సెర్గేయ్ రఖ్మానినోఫ్ 1930వ సంవత్సరమున వాయించి యిచ్చిన షోపాన్ రెండవ పియానో సొనాటాను గూర్చి చెప్పుచున్నాము.

షోపాన్ దీనిని 1839లో పూర్తిచేసెను. ఇందలి మూడవ భాగమగు శవయాత్రాగీతము తక్కిన భాగములకంటె ముందే పుట్టినది. 1849లో పారిసు నగరమున ఆయన యంత్యక్రియలనాడు దీనినే వాద్యబృందమునకు మార్చి వినిపించిరి. ఎడమచేయి రెండు స్వరగుచ్ఛములను గంటలవలె మార్చి మార్చి మ్రోయించుచుండగా పైని బరువైన నడక సాగును. నడుమ నొక ప్రశాంతమైన పాట. పిమ్మట మరల ఆ నడకయే. రెండుమారులును మెల్లగానే యారంభింపవలెనని షోపాన్ సూచన.

రఖ్మానినోఫ్ మొదటి సూచనను పాటించెను, రెండవదానిని త్రోసిపుచ్చెను. మొదట మెల్లగా మొదలిడి ధ్వనిని పెంచుకొనుచు పోవును. నడిమి పాట ముగియగానే నడకను పూర్ణబలముతో నొక్కపెట్టున మ్రోయించి, క్రమక్రమముగా తగ్గించి, కడకు మాయము చేయును. పాడె వీథి చివర కనబడి, మన వాకిటిముందుగా సాగి, మలుపు తిరిగి మరుగైనట్లు తోచును. ఈ పద్ధతి ఆయన కల్పించినది కాదు. ఆయన బాల్యమున మాస్కోలో వినిన ఆంటన్ రూబిన్‌స్టైన్‌ది.

ఇది యపచారమనువారు కలరు. వారి మాట తేలికగా త్రోయదగినది కాదు. మూలమున లేనిది వ్రాయనని మల్లినాథసూరి నియమము పెట్టుకొనెను గదా! వాదకుడును వ్యాఖ్యాతయే. రఖ్మానినోఫ్ చిత్రము సాటిలేనిది. అయినను అది కిటికీనుండి చూచిన శోకము. షోపాన్ వ్రాసినట్లు నడక మరల మెల్లగా వచ్చినపుడు పాడె యెక్కడికిని పోదు. మన యింటనే యుండును. అంతటి మధురమైన పాటయు నెవ్వరి నోదార్పలేదు. ఇది మరింత కఠోరము. 1984లో ఇటలీ దేశీయుడగు మౌరీట్సియో పొల్లీని చేసిన రికార్డులో ఈ కాఠిన్యము వినవచ్చును.

రఖ్మానినోఫ్ పక్షమున నొక మాట చెప్పక తప్పదు. గీతము వెనువెంటనే వచ్చు నాలుగవ భాగము రెండు నిమిషములైన లేదు. రెండు చేతులును స్వరగుచ్ఛములు లేక యొకే గీతగా పరుగిడును. జనమంతయు వెడలిపోయిన శ్మశానమున గాలివలె అది వినబడవలెనన్నచో, ముందుగా ఊరేగింపు వెడలిపోవలెను గదా! మూలమును మీరినను ఆయన మూలమునే ఆలోచించెను. ఆ యాలోచన లేక, ఆ పెద్దధ్వనిని మాత్రము రికార్డునుండి యెత్తుకొన్నవారిని మేము మెచ్చజాలము.

చదువరులు ముందు పొల్లీనిని, పిదప రఖ్మానినోఫ్‌ను వినవలెను. నడిమి పాట ముగిసినచోట క్షణకాలము చెవి నొగ్గిన చాలును.